తోలు మానేశాక ఏది వాడాలి? చేతితో చేసే వీగన్ బ్యాగులు, నగలకు సరుకు ఎంపిక

బ్యాగులు, పర్సులు, బెల్టులు, గాజులు ఇంట్లోనే చేసి అమ్మే చిన్న వ్యాపారానికి ‘వీగన్’ అని పేరు పెట్టుకుంటే, ఆ పేరుతోనే కొనేవారికి ఒక హామీ ఇచ్చినట్లు. తోలు ఒక్కటి పక్కన పెట్టినంత మాత్రాన ఆ హామీ నెరవేరదు. పట్టు, ఉన్ని, ముత్యం, గవ్వ, కొమ్ము, ఎముక, ఈక, లక్క, తేనెమైనం వంటివేవీ వస్తువులో ఉండకూడదు. జంతువు చనిపోయిందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు, దాని నుంచి ఏం తీసుకున్నా లెక్కలోకి వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో పేరున్న చేతిపనుల్లో చాలావాటికి ఎక్కడో ఒకచోట జంతువుతో ముడి ఉంది కాబట్టి, ఆ గీత ఎక్కడ గీస్తారో ముందే తేల్చుకుని ఆ తర్వాత బజారుకు వెళ్లడం మేలు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. కొత్తగా మొదలుపెట్టేవారికి మందపాటి నూలు కాన్వాసు, మగ్గం నూలు బట్ట ప్రధాన సరుకు కావాలి. జనపనార, గోగునార, అరటినార వాటికి తోడుగా ఉండాలి. కాస్త ఖరీదైన చిన్న వస్తువులకు కార్క్ బాగుంటుంది. రెక్సిన్ చివరి ఎంపిక. అనాస ఆకు, నాగజెముడు ‘తోళ్ల’ సంగతి వ్యాపారం నిలదొక్కుకున్నాక చూసుకోవచ్చు.

రెక్సిన్: సులువే, కానీ నిలవదు

‘వీగన్ లెదర్’ అన్న పేరుతో దుకాణాల్లో కనిపించే వస్తువుల్లో ఎక్కువ భాగం నిజానికి రెక్సినే. బట్ట మీద ప్లాస్టిక్ పూత పూసి, తోలు మీది గీతలు అచ్చొత్తుతారు. పూత పాలీయురేథేన్‌దైతే పీయూ అంటారు, పాలీవినైల్ క్లోరైడ్‌దైతే పీవీసీ అంటారు. మీటరు చొప్పున దొరుకుతుంది, అన్ని రంగుల్లో ఉంటుంది, అంచులు చక్కగా మడతపడతాయి, మరక పడితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. తొలిసారి బ్యాగు కుట్టేవారికి ఇంత అనువైన సరుకు మరొకటి కనిపించదు.

చిక్కంతా తర్వాతే. పీయూ పూత గాలిలోని తేమతో చర్య జరిపి లోలోపలే విడిపోతూ ఉంటుంది. బ్యాగు వాడకపోయినా ఈ పని ఆగదు. భద్రంగా కవరులో చుట్టి బీరువాలో పెట్టిన బ్యాగును కొన్నేళ్ల తర్వాత తీస్తే పైపొర పొలుసులుగా రాలి చేతికీ చీరకూ అంటుకోవడం విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాలవారికి బాగా తెలిసిన అనుభవమే. ఒకసారి రాలడం మొదలైతే దానికి మరమ్మతు లేదు. పీవీసీ అలా రాలదు. కానీ దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన రసాయనం కాలం గడిచేకొద్దీ పైకి చేరి జిగటగా మారుతుంది, లేదా ఎగిరిపోయి సరుకు బిరుసెక్కి మడత దగ్గర పగులుతుంది.

లక్షల సంఖ్యలో అమ్మే కంపెనీకి ఇది సమస్య కాకపోవచ్చు. మీ దగ్గర కొనేది మాత్రం తెలిసినవారు, వారికి తెలిసినవారు. మీ పేరు కుట్టిన బ్యాగు రెండేళ్లకే పెచ్చులూడితే ఆ కబురు మీ తర్వాతి ఎగ్జిబిషన్ కంటే ముందే ఊరంతా తిరుగుతుంది. అదీగాక ఇది ప్లాస్టిక్. జంతువుకు హాని లేదన్నది నిజమే, నేలకు మంచిదని మాత్రం చెప్పలేం. ఈ రెండు మాటలనూ కలిపేసి అమ్మడం నాకు ఇష్టం లేదు.

అయినా బెల్టుల వంటి వాటికి రెక్సిన్ తప్పదనుకుంటే, కొనేటప్పుడు ముక్కను రెండు మడతలు వేసి గోటితో గట్టిగా నొక్కి విప్పి చూడండి. మడత గీత తెల్లగా నిలిచిపోతే ఆ సరుకు వదిలేయండి. వెనకవైపు నేసిన లేదా అల్లిన బట్ట ఉన్నది, దూదిలా అదిమినదాని కంటే గట్టిది. కుట్టేటప్పుడు గుండుసూదులు వద్దు, క్లిప్పులు పెట్టుకోవాలి. రెక్సిన్‌లో సూది దిగిన రంధ్రం మళ్లీ పూడదు. కుట్టు పొడవు మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే, రంధ్రాల వరుస వెంట చింపే రసీదు కాగితంలా పట్టీ సరిగ్గా అక్కడే తెగుతుంది. మిషను పాదానికి సరుకు అతుక్కుని కదలకపోతే పైన పల్చటి కాగితం పరిచి కుట్టి, తర్వాత కాగితం లాగేయవచ్చు.

నూలు కాన్వాసు, మగ్గం బట్ట

కాన్వాసును బరువుతో కొనాలి, చేతి స్పర్శతో కాదు. భుజానికి తగిలించుకునే సంచులకు పది ఔన్సులది, అంటే చదరపు మీటరుకు సుమారు 340 గ్రాములది సరిపోతుంది. పుస్తకాలు, లాప్‌టాప్ మోసే బ్యాగుకు పన్నెండు ఔన్సులది, సుమారు 400 గ్రాములది కావాలి. ఇంట్లో వాడే మామూలు మిషను దీన్ని కుడుతుంది. ఇబ్బంది వచ్చేది పట్టీ బ్యాగుకు అతికే చోట, నాలుగైదు పొరలు ఒకేచోట చేరినప్పుడు. అక్కడ మోటారు ఆపి, 18వ నంబరు సూది వేసి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ దించాలి. చతురస్రం కుట్టి దాని మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు వేస్తే పట్టీ ఊడదు. బ్యాగు బలమంతా ఆ రెండు అంగుళాల మీదే ఆధారపడి ఉంటుంది.

కత్తిరించే ముందు కాన్వాసును తప్పకుండా తడిపి ఆరబెట్టండి. నూలు తొలి ఉతుకులో కుదించుకుంటుంది. లోపలి లైనింగ్ కుదించుకోక, పైబట్ట కుదించుకుంటే బ్యాగు మూల ముడతలు పడి లాగినట్లు నిలుస్తుంది. రంగు బట్టయితే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. ఎరుపు, నీలిరంగు వదిలితే కొనేవారి తెల్ల కుర్తా పాడవుతుంది.

నూలుకు ఉన్న అతి పెద్ద గుణం మరమ్మతుకు లొంగడం. జిప్పు పోతే మార్చవచ్చు, మూల చిరిగితే అతుకు వేయవచ్చు, మాసితే ఉతకవచ్చు. ‘జిప్పు పోతే తెచ్చివ్వండి, వేసిస్తాను’ అని చెప్పగల వ్యాపారికి పదేళ్లు కొనేవారు దొరుకుతారు. వానకు తడవడం, మురికి త్వరగా కనిపించడం దీని లోపాలు. అడుగుభాగానికి ముదురు రంగు కాన్వాసు వేస్తే రెండో లోపం చాలావరకు తీరుతుంది. నీరు పట్టకుండా మైనం పూసిన కాన్వాసు కొంటే అది ఏ మైనమో అడగండి. కొన్నింటిలో తేనెమైనం కలుపుతారు.

మన చేతిపనులతో జాగ్రత్త

కాన్వాసు సాదాగా ఉంటుంది కాబట్టి ముందుభాగానికి మన నేతబట్టో అద్దకం బట్టో వేయాలనిపించడం సహజం. అందం అక్కడే వస్తుంది, ధర కూడా అక్కడే పలుకుతుంది. వీగన్ హామీ చాలాసార్లు చెదిరేదీ అక్కడే.

శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. కలం పట్టే ముందు నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకకుండా గీత గీసినచోటే నిలుస్తుంది. తరతరాలుగా వస్తున్న అద్భుతమైన పద్ధతి అది. కానీ పాలు వాడిన బట్టను వీగన్ అని అమ్మలేం. పెడన అద్దకం కొనేటప్పుడు కూడా పాలు వాడారా అని అద్దకందారును నేరుగా అడగడమే మార్గం. మిల్లులో స్క్రీన్ ప్రింట్ వేసిన ‘కలంకారీ డిజైన్’ బట్టలో పాలు ఉండవు, కానీ దాన్ని చేతిపని అనీ చెప్పకూడదు. రెండింటిలో ఏది వదులుకుంటారో మీరు తేల్చుకోవాల్సిందే.

పొందూరు ఖాదీ విషయం ఇంకా సూక్ష్మం. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరి సన్న నూలుకు మూలం పత్తిని శుభ్రం చేసే తీరులో ఉంది. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా పట్టుకుని, దాని సన్నటి పళ్లతో పత్తిని గింజ మీదే దువ్వుతారు. బట్టలో చేప ఏమీ ఉండదు, పనిముట్టులో ఉంది. కొందరు వీగన్లు దీన్ని ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. నేనైతే ఆ బట్ట వాడితే సంగతి చీటీ మీద రాస్తాను, రాయడం ఇష్టం లేకపోతే వాడను.

పట్టు విషయంలో చర్చ అక్కర్లేదు. హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య అభివృద్ధి చేసిన అహింసా పట్టులో, రెక్కలొచ్చిన పురుగు గూడు చీల్చుకుని బయటికి వెళ్లాకే దారం తీస్తారు. పురుగును మరిగే నీటిలో వేయకపోవడం గొప్ప విషయం, గౌరవించదగ్గది. అయినా ఆ పురుగుల్ని పెంచేది దారం కోసమే కాబట్టి వీగన్ లెక్కలో అది చేరదు. అహింసా పట్టును వీగన్ అని అమ్మేవారిని చూశాను, అది సరికాదు. నిమ్మలకుంట తోలుబొమ్మల పనితనంతో చేసే దీపాల తొడుగులు, చెవిపోగులు మేకతోలువి. ఏలూరు తివాచీలు ఉన్నివి.

అయితే నిశ్చింతగా వాడదగినవి లేవా అంటే, చాలా ఉన్నాయి. మంగళగిరి నూలు, పోచంపల్లి నూలు ఇక్కత్ బ్యాగుల ముందుభాగానికి ఎంతో బాగుంటాయి. ఇక్కత్ కొనేటప్పుడు పట్టు కలిపినది కాకుండా అచ్చ నూలుదే అడగాలి. ఇక నరసాపురం లేసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ కుట్టు ఇప్పుడు గోదావరి తీరపు మహిళల చేతిపనిగా స్థిరపడింది. నూలు దారం, ఒక కొక్కెం సూది, అంతే. పర్సు అంచులకు, చెవిపోగులకు, జుట్టు క్లిప్పులకు అంతకంటే చక్కటి సరుకు నాకు కనిపించలేదు. తేలిక, ఉతకవచ్చు, దాచిపెట్టిన జంతువు ఎక్కడా లేదు.

నారలు

జనపనార అందరికీ తెలిసినదే, చవక, దొరకడం కష్టం కాదు. కొనేముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. మిల్లులో నారను మెత్తబరచడానికి నూనె పట్టిస్తారు, ఆ వాసన కొన్ని సరుకుల్లో చాలాకాలం ఉంటుంది, వానాకాలంలో మరీ తెలుస్తుంది. ఎండలో పెడితే రంగు గోధుమకు తిరుగుతుంది, ఉతికితే ఆకారం పోతుంది. లోపల ప్లాస్టిక్ పొర అతికించిన జనపనార బట్ట సంచికి బిగువునిస్తుంది కానీ, దాన్ని ప్లాస్టిక్ లేనిదని చెప్పలేం. ఎగ్జిబిషన్లలో త్వరగా అమ్ముడుపోయే పెళ్లి కానుక సంచులు, నీళ్ల సీసా సంచులకు జనపనార మంచిది. రోజూ వాడే హ్యాండ్‌బ్యాగుకు నేను సూచించను.

గోగునార మన సొంత సరుకు. గోంగూర జాతికి చెందిన గోగును శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నార కోసం పండించేవారు. ఇప్పుడు సాగు బాగా తగ్గింది. జనపనార కంటే కాస్త గరుకు. తాళ్లు పేని పట్టీలుగా, జడలుగా అల్లి బెల్టులుగా వాడితే ఆ గరుకుతనమే అందం అవుతుంది. అరటినార దీనికి భిన్నం. అరటి ఒక గెల వేశాక ఆ చెట్టును నరికేస్తారు, బోదె వృథాగా పోతుంది. అరటి పండించడంలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందువరుసలో ఉంది కాబట్టి ముడిసరుకుకు కొరత లేదు. కొరత పనిచేసే చేతులకే. యంత్రంతో తీసిన నారకు మెరుపు ఉంటుంది, బలం ఉంటుంది, కానీ మడిచినచోట పోగులు విడిపోతాయి. అందుకే దానితో జడలల్లి చుట్టిన గుండ్రటి పర్సులు, గాజులు చేయాలి, మడతపడే పర్సులు వద్దు.

కార్క్, అనాస, నాగజెముడు

కార్క్ ఓక్ చెట్టు బెరడును తొమ్మిదేళ్లకు ఒకసారి ఒలుస్తారు, చెట్టును నరకరు, బెరడు మళ్లీ పెరుగుతుంది. పోర్చుగల్ దీనికి కేంద్రం. పల్చటి పొరలుగా కోసి బట్ట మీద అతికించినదే కార్క్ షీటు. తేలిక, తడి పట్టదు, తోలులా మడతపడుతుంది, ప్రతి షీటు మీదా చారలు వేరుగా ఉంటాయి. దిగుమతి సరుకు కాబట్టి ధర ఎక్కువ. అందుకే కార్డుల పర్సు, తాళాల గొలుసు, కళ్లద్దాల సంచి వంటి అరచేతి వస్తువులకు వాడితే గిట్టుబాటవుతుంది. బహుమతిగా కొనేవారు దీనికి మంచి ధర ఇస్తారు.

అనాస ఆకుల నార నుంచి చేసే పినాటెక్స్ ఫిలిప్పీన్స్ ఆకులతో మొదలైంది. 2019లో మెక్సికో నుంచి వచ్చిన డెసర్టో నాగజెముడు పొడితో చేసినది. కేరళలో కొబ్బరి నీటి మీద బ్యాక్టీరియాను పెంచి ‘మలై’ అనే పొరను తయారుచేశారు. కాన్పూర్‌లో గుళ్లలో వాడేసిన పూల నుంచి ‘ఫ్లెదర్’ చేశారు. వీటి వెనకున్న ఆలోచనలు ఎంతో మెచ్చుకోదగినవి. ఐతే వీటిలో కొన్నింటికి గట్టిదనం కోసం పాలీయురేథేన్ వంటి ప్లాస్టిక్‌నో, రెసిన్ పూతనో కలుపుతారు. ఎంత శాతం మొక్క, ఎంత శాతం ప్లాస్టిక్ అని సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోకుండా ‘మొక్కల తోలు’ అని అమ్మకండి. చిన్న వ్యాపారికి మరో ఇబ్బంది ఉంది. రెండు మీటర్లు కొన్నాక అదే రంగు మళ్లీ కావాలంటే దొరుకుతుందన్న భరోసా ఉండదు.

నగలు, ఇంకా కంటికి కనిపించనివి

హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులు, ఏటికొప్పాక కర్ర నగలు రెండూ లక్కతో రంగు తేలేవే. లక్క చెట్టు బంక కాదు, లక్క పురుగులు కొమ్మల మీద స్రవించే పదార్థం. కొమ్మలు గీకేటప్పుడు పురుగులూ పోతాయి. కాబట్టి ఈ రెండూ వీగన్ నగల్లో చేరవు. హైదరాబాద్ ముత్యాలు సరేసరి. దీనికి భిన్నంగా, ఇళ్లలో మహిళలు విరివిగా చేసే ‘సిల్క్ థ్రెడ్’ గాజుల దారం చాలావరకు రేయాన్ లేదా పాలిస్టర్. దారపు ఉండ మీది చీటీ చదివి, అది నిర్ధారణ అయితే ‘సిల్క్’ అన్న మాట తీసేసి అమ్మండి. టెర్రకోట, కొబ్బరిచిప్ప, మెరుగు వేయని కర్ర, ఇత్తడి, నూలు దారం అన్నీ పనికొస్తాయి. కర్రకు మెరుపు కావాలంటే షెల్లాక్ పాలిష్ అడగకండి, అది కూడా లక్కే. నీటితో కలిపే అక్రిలిక్ వార్నిష్ వాడండి.

తెల్లటి ఫెవికాల్ రకం జిగుర్లు కృత్రిమమైనవి, వాటితో ఇబ్బంది లేదు. చేతికుట్టుకు వాడే మైనపు దారంలో తరచూ తేనెమైనం ఉంటుంది, పారఫిన్ పట్టించిన పాలిస్టర్ దారం అడగాలి. బేగంబజార్‌లో గుండీలు, బకిళ్లు కొనేటప్పుడు కొమ్ము, గవ్వ, ఎముకవి ప్లాస్టిక్ వాటి పక్కనే కలిసి ఉంటాయి. జిప్పు తలకు తగిలించే చిన్న తోలు తునకను కూడా మరచిపోవద్దు.

ధర, అమ్మే చోటు

ఒక కాన్వాసు బ్యాగుకు బట్ట 140 రూపాయలు, లైనింగ్ 50, జిప్పు, రింగులు 45, దారం, చీటీ, కవరు 25 అయ్యాయనుకుందాం. సరుకు 260. మూడు గంటల పనికి గంటకు 80 వేసుకుంటే 240. మొత్తం 500. దీన్ని 700కు పెడితే ఎగ్జిబిషన్‌లో లాభమే కనిపిస్తుంది. అదే బ్యాగును బొటిక్‌లో పెట్టినప్పుడు వారు మూడో వంతు తీసుకుంటే మీ చేతికి 467 వస్తుంది, ప్రతి బ్యాగుకూ 33 రూపాయలు నష్టం. కాబట్టి ధర ఒకటే ఉండాలి, అది బొటిక్ వాటా తట్టుకునేలా 900 దగ్గర మొదలవ్వాలి. మీ గంటల కూలి లెక్కలో వేయకపోతే వ్యాపారం నడుస్తున్నట్లు కనిపిస్తుంది, మీరు మాత్రం ఉచితంగా పనిచేస్తుంటారు.

మొదటి ఏడాదికి రెండు మూడు రోజుల చిన్న ఎగ్జిబిషన్లు, శిల్పారామం అంగళ్లు అన్నిటికంటే మేలు. కొనేవారు బ్యాగును తెరిచి, పట్టీ లాగి, ఎక్కడ అసంతృప్తి ఉందో ముఖం మీదే చెబుతారు. నాంపల్లి నుమాయిష్ సాధారణంగా ఏటా జనవరి 1న మొదలై నెలన్నర సాగుతుంది. ఒక్కరే కుట్టేవారు అంతకాలం అంగడి నింపలేరు. విదేశాల్లోని తెలుగువారికి చేతిపనుల ఆన్‌లైన్ అంగడి ఎట్సీ ద్వారా అమ్మవచ్చు. ఒక్కో వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, అమ్మితే ఆరున్నర శాతం రుసుము, ఆపై చెల్లింపు ఖర్చులు ఉంటాయి. ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల కోడ్) నంబరు తీసుకోవాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో ముగిసింది, ఆ భారం ఎవరిదో ధరలోనే తేల్చి చెప్పండి.

సరుకు ఎంపికకు పన్నుతోనూ సంబంధం ఉంది. నూలు, జనపనార హ్యాండ్‌బ్యాగుల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రెక్సిన్ బ్యాగు మీద 18 శాతమే. వస్తువులు అమ్మేవారికి జీఎస్‌టీ నమోదు తప్పనిసరయ్యే అమ్మకాల పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయలు, తెలంగాణలో 20 లక్షలు. ఆన్‌లైన్ వేదికల ద్వారా పక్క రాష్ట్రాలకు అమ్మాలంటే నిబంధనలు మారతాయి, ఆడిటర్‌ను అడిగి మొదలుపెట్టండి.

చీటీ మీద ఏం రాయాలి

ఆకుపచ్చ ‘వి’ గుర్తు ఉన్న వీగన్ ముద్ర కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐది, ఆహార పదార్థాల కోసం. దాన్ని బ్యాగుల మీద వేయకూడదు. ‘పర్యావరణహితం’, ‘పచ్చని ఉత్పత్తి’ వంటి మాటలకు ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాటల కంటే సరుకుల పట్టికే మేలు: ‘పైబట్ట నూలు కాన్వాసు, ముందుభాగం మంగళగిరి నూలు, లైనింగ్ నూలు, దారం పాలిస్టర్, జిప్పు నైలాన్, రింగులు ఇత్తడి. జంతువుల నుంచి వచ్చినదేదీ వాడలేదు. చల్లటి నీటితో చేత్తో ఉతకండి. జిప్పు పాడైతే మాకు పంపండి.’ రెక్సిన్ వాడితే రెక్సిన్ అనే రాయండి.